బోరింగు మూత తీసిన చెయ్యి

డ్రమ్ములు రెండూ కడిగి నీళ్ళు పట్టాలి. బియ్యం బస్తాలు మంచం మీదికెక్కించి టార్పాలిన్ కప్పాలి. అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. అటుకులు, బెల్లం, చోడిపిండి వేరే మూట కట్టాలి. అత్తకి బీపీ మాత్రలు నెలకి సరిపడా తెప్పించాలి. ఆధార్లు, పాస్‌బుక్కులు, భూమి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. ఫోన్లు, టార్చిలైటు చార్జింగు పెట్టాలి. ఇంటి మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టించాలి. గేదెని పాకలోంచి విప్పి బడి వెనక మెరక మీద కట్టాలి. బోరింగు కొట్టి చూడాలి.

క్యాలెండరు కాగితం వెనక ఈశ్వరి రాసుకున్న పనులివి. ఉదయం ఎనిమిదయ్యేసరికి అన్నిటి మీదా గీత పడింది, ఆఖరిదాని మీద తప్ప.

బోరింగు హ్యాండిలు కిందికి నొక్కితే బరువే లేకుండా దిగిపోతోంది. పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొట్టింది. ఇంకో చెంబు పోసి కొట్టింది. పోసిన నీళ్ళు లోపలికి జారిపోయాయి గాని, కింద నుంచి చుక్క పైకి రాలేదు.

అప్పుడు మూత మీదికి చూపు పోయింది. బోల్టుల చుట్టూ తుప్పు గీసుకుపోయి, లోపలి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. పానా పట్టి ఎవరో తిప్పారు. మూత ఎత్తి కడ్డీ పైకి లాగింది. కడ్డీ చివర గిన్నెలా ఉండాల్సిన తోలు వాచరు లేదు. నీళ్ళని పైకి లాగేది అదే.

"అత్తా, ఇలా సూడు. వాచరు నేదు. ఎవులో తీసినారు."

అత్త తవిటమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఎవులు తీస్తారే. తుప్పట్టి ఊడిపోయుంటాది."

"తోలుకి తుప్పు పట్టదత్తా."

తవిటమ్మ ఇంకో ఈనె లాగి పక్కన పడేసింది. ఆ నిమ్మళం కూడా ఈశ్వరికి నచ్చలేదు.

వీధిలో మైకు ఆటో తిరుగుతోంది. ఎల్లుండి తెల్లవారేలోగా తుఫాను తీరం దాటుతుందని, రేపు సాయంత్రం నుంచి కరెంటు తీసేస్తారని చెబుతోంది. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, ఊరి ట్యాంకు నిండదు. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడితే నీళ్ళ క్యాన్ల బండి రాదు. ఏడేళ్ళ కిందటి తుఫానుకి పదకొండు రోజులు ఊళ్ళో కరెంటు లేదు. అందరూ బోరింగులు పీకేసి మోటార్లు పెట్టుకున్న కాలంలో ఈశ్వరి ఒక్కతే పీకనివ్వలేదు. రెండు డ్రమ్ముల నీళ్ళు రెండు కాపురాలకి మూడు రోజులు వస్తే గొప్ప. మిగిలిన రోజులకి ఈ బోరింగే దిక్కు. తోలు ఎండిపోకూడదని పదిరోజులకోసారి తనే కొట్టి చూస్తుంటుంది. పోయినసారి కొట్టినప్పుడు ధారగా పడింది.

అంటే ఈ పదిరోజుల్లోనే జరిగింది. గేటు దాటి వచ్చిన పరాయివాళ్ళు లేరు.

ఈశ్వరి ఎదురిల్లు చూసింది. ఒకటే వాకిలి, రెండు ఇళ్ళు. మరిది ఉమాశంకర్, అతని భార్య అరుణశ్రీ వేరుపడి మూడు నెలలైంది. పెద్దమనుషులు వాటాలు వేసినప్పుడు బోరింగు ఈశ్వరి వైపు పడింది. "ఆ నీళ్ళు నేకపోతే మేం సచ్చిపోంలే" అని అరుణశ్రీ ఆ రోజు అందరి ముందూ అంది. ఆ మాట ఇవాళ ఈశ్వరి చెవిలో కొత్తగా వినిపించింది.

చేతికంటిన నల్లటి గ్రీజు తుడుచుకోకుండానే వాకిలి దాటింది.

అరుణశ్రీ ఎనిమిది నెలల పాపని చంకనేసుకుని పాలసీసా మరిగిస్తోంది. గుమ్మం పక్కన సర్ది పెట్టిన బ్యాగు ఉంది.

"ఎక్కడికే పయనం?"

"ఎక్కడికీ నేదక్కా."

"మరి ఈ బ్యాగేటి? సీపురుపల్లి మీ అమ్మోళ్ళింటికేనా? మమ్మల్ని గాలికొగ్గేసి నువ్వు ఎలిపోతావు. ఎలిపోయేదానికి బోరింగుంటే ఏటి, నేకపోతే ఏటి."

అరుణశ్రీ పాపని ఇంకో చంకకి మార్చుకుంది. కాలితో బ్యాగుని ముందుకి తోసింది.

"తీసి సూడు."

ఈశ్వరి జిప్పు లాగింది. పాలపొడి డబ్బా, పాప గౌన్లు, టార్చిలైటు, కవర్లో చుట్టిన కాగితాలు.

"సచివాలయం మేడమొచ్చి సెప్పినాది కదా, ఒక సంకలో పిల్ల, ఒక సేత్తో సంచి, అంతే ఉండాలని. నువ్వొక్కదానివే ఇన్నావనుకున్నావేటి? నీ పనులు రాసుకుని గోడకి అంటించుకున్నావు. నాను బుర్రలో రాసుకున్నాను."

"వాచరు ఎక్కడున్నాది?"

"ఏ వాచరు?"

"బోరింగుది."

అరుణశ్రీ ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు.

"అదా సంగతి. నువ్వే తీసి దాసీసి, నా మీద పెడతన్నావేటక్కా? మేమొచ్చి నీ కాళ్ళ దగ్గిర బిందె పెట్టి అడుక్కోవాలని? ఈ పిల్లకి పాలు కలపాలంటే ఆ నీళ్ళే కావాల. నా పిల్ల నోట్లో నానే మట్టి కొట్టుకుంటానా?"

 పాప ఈశ్వరి చేతి గ్రీజు వైపే చూస్తోంది. ఎటు చూడాలో తెలీక ఈశ్వరి పొయ్యి పక్కకి చూసింది. అక్కడ రెండు ఇరవై లీటర్ల టిన్నులు ఉన్నాయి, నీళ్ళతో.

"ఇవెక్కడివే?"

"రామాలయం కుళాయివి. స్వామి మోసుకొస్తన్నారు."

"వాకిట్లో బోరింగెట్టుకుని, అంత దూరం నుంచి ఎందుకు మోస్తన్నాడు?"

"నానడగలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు రోజులు." అరుణశ్రీ గొంతు తగ్గింది. "మాలేసుకున్న మనిషిని అయినదానికీ కానిదానికీ అడక్కూడదని మన అత్తే కదా సెప్పినాది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వేరుపడ్డాక ఈ మూడు నెలల్లో ఇద్దరికీ ఒకే మనిషి మీద అనుమానం రావడం ఇదే మొదలు.

ఉమాశంకర్ అయ్యప్ప మాల వేసుకుని పద్దెనిమిది రోజులైంది. నల్ల లుంగీ, కాళ్ళకి చెప్పుల్లేవు, మెడలో తులసి పూసలు. తల్లితో సహా ఇంటిల్లిపాదీ అతన్ని స్వామి అనాలి. అతను ఆడవాళ్ళందరినీ మాత అనాలి, భార్యనీ వదిననీ కూడా. తొమ్మిదింటికి భజన ముగించుకుని, భుజం మీద ఇంకో టిన్ను పెట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. తెరిచి ఉన్న బోరింగు మూత చూశాడు. నడక ఆగింది.

"స్వామీ, ఒక్క మాట," అంది ఈశ్వరి.

"స్వామి శరణం మాతా."

"శరణం సరే. మూత తీసింది నువ్వేనా?"

"స్వామి శరణం."

"అది జవాబు కాదు స్వామీ."

అరుగు మీద నుంచి తవిటమ్మ కేకేసింది. "ఈస్సరీ, మాలలో ఉన్నోడిని నిలదియ్యకు. మనకే సుట్టుకుంటాది."

"రేపు తుఫాను కూడా మనకే సుట్టుకుంటాది అత్తా. దానికి మాల నేదు."

ఉమాశంకర్ టిన్ను దించాడు. కాలి బొటనవేలితో నేల మీద గీత గీశాడు. నలభై ఏళ్ళ మనిషి బళ్ళో పిల్లాడిలా నిలబడ్డాడు.

"నానే తీసినాను మాతా. తోలు తగిలిన నీళ్ళు పీఠం కడగడానికి పనికిరావని గురుస్వామి అన్నారు. మన బోరింగులో ఉన్నది తోలే కదా అని నాకు తట్టింది. అది తీసీసి రబ్బరుది ఏసీద్దారనుకున్నాను."

"రబ్బరుదేది?"

"సీపురుపల్లిలో మూడు షాపులు తిరిగినాను. ఈ సైజు ఇప్పుడెవులూ తేవట్లేదంట. విజయనగరం ఎల్దారంటే ఈలోగా తుఫాను కబురొచ్చీసినాది."

"నాలుగు రోజుల్నుంచి ఒక్క మాట సెప్పొచ్చు కదా."

"ఎవులూ అడగలేదు మాతా."

అబద్ధం ఆడకూడదన్న నియమం పెట్టుకున్నాడు గాని, నిజం తనంతట తాను చెప్పాలన్న నియమం అతను పెట్టుకోలేదు. అరుణశ్రీ పాపని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నె ఒకటి గట్టిగా చప్పుడైంది.

"తీసింది ఎక్కడ పెట్టినావు?"

అతను పైకి చూపించాడు. ఇంట్లో ఉంచితే మైల, పారేస్తే ఇన్నాళ్ళు నీళ్ళిచ్చిన వస్తువు. అందుకని రేకుల మీద పెట్టాడట. నాలుగు రోజుల ఎండ.

కర్రతో లాగితే కింద పడింది. ఎండిన కొబ్బరి చిప్పలా చప్పుడైంది. గిన్నె ఆకారం పోయి అంచులు లోపలికి ముడుచుకున్నాయి. ఈశ్వరి గోరువెచ్చటి నీళ్ళలో నానేసింది. గంట తర్వాత ఆముదం రాసి మెల్లగా ఒత్తింది. తవిటమ్మ, ఉమాశంకర్, మళ్ళీ బయటికొచ్చిన అరుణశ్రీ, ముగ్గురూ చుట్టూ నిలబడి చూస్తున్నారు.

అంచు మెత్తబడింది. మధ్యలో పటుక్కుమని చీలింది.

కొత్త తోలు ఎవరి దగ్గర దొరుకుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.  ఆ మనిషి పేరే ఎవరి నోటికీ రాలేదు.

ఆ పేరు అనగలిగింది అరుణశ్రీ ఒక్కతే. ఆమె ఈ ఊరికి కోడలై వచ్చి రెండేళ్ళే.

"సంత దగ్గిర సెప్పులు కుట్టే దానమ్మ ఉన్నాది కదా. తోలు కోసిస్తాది. అడగండి."

తవిటమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఉమాశంకర్ కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. శరణం చెప్పుకుంటున్నాడో, ఇంకేమైనానో.

"ఏటయ్యింది?" అంది అరుణశ్రీ. "నానేటన్నాను?"

ఏడేళ్ళ కిందటి తుఫాను నాలుగోరోజు. గెడ్డ వాగు అవతల పేట నుంచి దానమ్మ బిందె పట్టుకుని ఈ గేటు దగ్గరికి వచ్చింది. పేటలో నీళ్ళ ట్యాంకు కూలిపోయింది. గెడ్డ ఎర్రగా పారుతోంది, అందులో చచ్చిన కోళ్ళు తేలుతున్నాయి. తవిటమ్మ ఆమె రావడం దూరం నుంచే చూసింది. హ్యాండిలు ఊడదీసి పాకలో పడేసింది. "బోరింగు పాడైపోనాదే దానమ్మా" అంది. దానమ్మ హ్యాండిలు లేని బోరింగుని చూసింది, గట్టు మీద ఇంకా ఆరని తడిని చూసింది, వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగాక హ్యాండిలు మళ్ళీ బిగించారు.

అదంతా ఈశ్వరి తలుపు సందులోంచి చూసింది. బయటికి రాలేదు. ఇవాళ పొద్దున్నుంచీ ఇంట్లో ప్రతి చేతినీ అనుమానించిన మనిషి, ఆ రోజు తలుపు గొళ్ళెం పట్టుకుని ఉండిపోయింది తన చెయ్యేనని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అరుణశ్రీకి చెప్పింది. రెండు మాటల్లో, తల దించుకుని.

 అరుణశ్రీ చీలిన తోలు కాగితంలో చుట్టి ఈశ్వరి చేతిలో పెట్టింది.

"కొలతకి కావాల కదా. బేగి ఎల్లు. నానొస్తే బాగోదు, నువ్వే ఎల్లాల."

పేటలో ప్రతి ఇంటి ముందూ బిందెలు వరసగా ఉన్నాయి. అన్నీ నిండినవి కావు. దానమ్మ తన ఇంటి రేకుల మీంచి నైలాన్ తాడు వేసి, ఆ చివర రాయి కడుతోంది. అరవై దాటిన మనిషి, ముడి మాత్రం మగాడిలా బిగిస్తోంది.

"దానమ్మత్తా," అంది ఈశ్వరి.

దానమ్మ తాడు వదల్లేదు. "ఈ అత్త ఎప్పట్నుంచమ్మా? మొన్న సెప్పు తెగితే దానమ్మనే కదా."

ఈశ్వరి ఆ మాట దిగమింగింది. "బోరింగు పాడయ్యింది."

"అలాగా." ఇంకో ముడి పడింది. "ఈసారి నిజంగానేనా?"

 ఈశ్వరి కాగితం విప్పి చూపించింది. దానమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని తోలు తీసుకుంది, కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. అంచు మీద వేలు నడిపింది. ఒకచోట ఆగింది. అక్కడ చిన్న గాటు ఉంది, గోరు పట్టేంత.

"ఇది మా ఆయన కోసింది."

"గంగులు మావా?"

"ఏది కోసినా అంచున ఒక గాటెడతాడు. తన పనని తెలియాలని కాదు, పైకి ఏ వైపుండాలో తెలియాలని." ఆమె తోలుని అటూ ఇటూ తిప్పింది. "తుఫానుకి ముందేడు మీ మావ జోగయ్యొచ్చి పట్టుకెల్లినాడు. నాకు గేపకముంది. గాటు పెట్టిన వైపే పైకి పెట్టుకో జోగయ్యా అని రెండుసార్లు సెప్పినాడు మావోడు."

ఈశ్వరికి గంగులు గుర్తున్నాడు. ఆ తుఫాను నెలలోనే పోయాడు. తాగి తాగి పోయాడని ఊళ్ళో అనుకున్నారు, తనూ అలాగే అనుకుంది.

"గెడ్డ నీళ్ళు తాగినాడు," అంది దానమ్మ, అడగకుండానే. "కాసి తాగుదారంటే కట్టెలన్నీ తడిసిపోనాయి. వాంతులు, విరోచనాలు. ఆటో రాదు, దారి నేదు. పదకొండో రోజు సాయంత్రం కరెంటొచ్చినాది. బల్బెలిగినాక సూస్తే మనిషి నేడు."

గాలి ఒక్కసారి తాడుని లాగింది. రేకు మూలిగింది.

"మీ వల్లని నానన్లేదు," అంది దానమ్మ. "నీళ్ళ వల్లంటన్నాను."

అది ఇంకా బరువుగా ఉంది. ఈశ్వరి అలాగే నిలబడింది. ఇక్కడ ఏడ్చే హక్కు తనకి లేదనుకుంది.

దానమ్మ లోపలికెళ్ళి తోలు ముక్క తెచ్చి నీళ్ళలో ముంచింది. గుండ్రంగా కోసింది, చెక్క అచ్చు మీద ఒత్తి గిన్నెలా మలిచింది. అరగంట పట్టింది. తడిగుడ్డలో చుట్టింది. ఈశ్వరి చెయ్యి చాపింది.

దానమ్మ ఇవ్వలేదు.

"నీ సేతికివ్వను. నా సేత్తో బిగిస్తాను. మొదటి బిందె ఈ పేటకి. తుఫానెల్లేదాకా రోజూ పొద్దున్న మా వాళ్ళొస్తారు, గేటు తీసుండాల. ఇష్టమైతే పద. నేదంటే ఈ తోలు నాను సెప్పుకేసుకుంటాను."

ఆ మాట ఇవ్వడానికి ఈశ్వరి ఎవరు? బోరింగు తన వాటాకి వచ్చినా ఇల్లు ఇంకా అత్త పేరునే ఉంది. మొగుడు సోములు పొలంలో వరి కుప్ప మీద టార్పాలిన్ కడుతున్నాడు, ఫోను అందదు.

"పద అత్తా," అంది.

గెడ్డ గట్టు దిగి వస్తుంటే మొదటి చినుకులు పడ్డాయి. దానమ్మ రెండడుగులు వెనకే నడిచింది. ఈశ్వరి మాట తప్పుతుందేమోనని కనిపెడుతున్నట్టు, ఈశ్వరి ఆగితే తనూ ఆగింది.

గేటు దగ్గర ఉమాశంకర్ ఎదురొచ్చాడు. "లోనికి రండి మాతా," అన్నాడు దానమ్మతో. "నాను రామాలయం నీళ్ళే వాడుకుంటాను. మీరు తోలే బిగించండి."

"మాతలు నాకొద్దు స్వామీ. మాల తీసినాక కూడా ఇలాగే పిలుస్తావా, అది సూస్తాను."

అతను గేటు పూర్తిగా తెరిచాడు. అయినా దానమ్మ లోపల అడుగు పెట్టలేదు. ఆమె చూపు బోరింగు వైపు ఉంది.

బోరింగు గట్టు మీద తవిటమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుని, వీపు గొట్టానికి ఆనించి, చినుకులకి తడుస్తూ.

"తోలు అక్కడెట్టి ఎల్లమను," అంది కోడలితో, దానమ్మ వైపు చూడకుండా. "ఉమా బిగిస్తాడు."

"తనే బిగిస్తాదత్తా. మొదటి బిందె వాళ్ళది. నాను మాటిచ్చినాను."

"ఎవుల్నడిగి?"

ఈశ్వరి నోరు తెరిచింది. అరుణశ్రీ పాపతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఖాళీ పాలసీసా చేతిలో ఉంది.

"అది నీళ్ళల్లో ఏటి కలిపీస్తాదో నీకు తెలుసా?" అంది తవిటమ్మ గొంతు తగ్గించి. తగ్గించినా అందరికీ వినబడింది. "ఏడేళ్ళ పగ కడుపులో పెట్టుకున్న మనిషి. రేపు ఆ పిల్ల తాగే నీళ్ళు. నాను లేవను."

 చినుకులు పల్చగానే ఉన్నాయి, ఈదురుగాలికి గుడ్డ ఆరిపోతోంది, ఆరితే తోలు బిగుసుకుపోతుంది. దానమ్మ నడుముకి కట్టుకున్న సంచిలోంచి తాగే నీళ్ళ సీసా తీసింది. అందులో సగమే ఉన్నాయి. మూత తిప్పి, ఆ నీళ్ళు గుడ్డ మీద పోసింది, కొంచెం కొంచెంగా, తోలంతా తడిసేలా. సీసా ఖాళీ చేసి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. గేటు బయటే నిలబడింది.

ఈశ్వరి ఇద్దరి మధ్యా ఉంది. అత్త చెయ్యి పట్టుకుని లేపాలా, ఆమె కాళ్ళు పట్టుకోవాలా, తనకి తెలియలేదు.

వాళ్ళనలా చినుకుల్లో వదిలి ఒక్క మాట. ఇది చదువుతున్నవాళ్ళు తుఫాను కబురు విని ఇంట్లో బిందెలు నింపుకునే రోజున గంగులు అనే మనిషిని ఒకసారి తలుచుకోండి. ఒక ఇంటికి ఎనిమిదేళ్ళు మంచినీళ్ళు తోడిపెట్టిన తోలు అతని చేత్తో కోసింది. ఆ నీళ్ళలో ఒక్క గుక్క అతనికి దక్కలేదు.